గొర్రెలకు గేదెల పద్ధతి వద్దండి

జాయింట్ డైరెక్టర్ గారికి, పశుసంవర్ధక శాఖ, గుంటూరు.

అయ్యా,

గొర్రెలకు కృత్రిమ గర్భధారణ శిబిరాలు పెట్టేటట్లయితే గన్నును గర్భాశయం లోపలిదాకా పంపి వీర్యం వదిలే గేదెల పద్ధతి పనికిరాదు. గొర్రె గర్భాశయ ముఖద్వారం ఇరుకు, లోపల మెలికలు. గన్ను మొదటి మడత దగ్గరే ఆగుతుంది. అక్కడ వదిలిన ఘనీభవన (గడ్డకట్టించి నిల్వ చేసిన) వీర్యం లోపలికి సరిగా చేరదు, చూలు నిలవదు. అప్పటికప్పుడు తీసిన తాజా వీర్యమే వాడించండి.

గొర్రెలన్నీ ఒకేసారి ఎదకు రావడానికి ప్రొజెస్టిరాన్ హార్మోన్ స్పాంజిని యోనిలో 12 నుంచి 14 రోజులుంచి, తీసేటప్పుడు పీఎంఎస్‌జీ (అండాలు విడుదలయ్యేలా చేసే హార్మోన్) సూది వేసి, స్పాంజి తీసిన 48–55 గంటల మధ్య వీర్యం ఎక్కించాలి. స్పాంజిని బయటికి లాగే దారం తెగితే స్పాంజి లోపలే కుళ్లుతుంది.

పొట్టేలులో వీర్యకణం తయారవడానికి దాదాపు 7 వారాలు. మే ఎండల దెబ్బ జూలై దాకా ఉంటుంది: పొట్టేలు దాటుతుంది, గొర్రె చూలు కట్టదు. పాపం, గొడ్డుదని సంతకు పోయేది గొర్రే! వీర్యాన్ని మైక్రోస్కోపులో చూశాకే పొట్టేలును వాడించండి.

బక్క గొర్రెలకు వీర్యం ఎక్కించడానికి మూడు వారాల ముందు నుంచే రోజుకు పావుకిలో దాణా పెట్టించండి.

ఇట్లు,
గొర్రెల పునరుత్పత్తిపై పనిచేసే పశువైద్యులం