నల్లగుడ్డు గట్టు

కడప

ప్రియమైన నరసింహులుకు,

మీ చిన్నాన్న కొడుకు సంగతి చదివి మనసు కలతపడింది. రాతిసున్నం తొట్టిలో నీళ్లు పోసేటప్పుడు ముఖం వంచి చూడకూడదని మన పెద్దలు అరిచేది ఊరికే కాదు. కంట్లో పువ్వు వేసిందనీ, నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర, అదే కార్నియా, ఒకసారి మార్చినా నిలవలేదనీ రాసి, ప్రయోగశాలలో కన్నునే పెంచుతారట, నిజమేనా అని అడిగావు.

పెంచేది కన్నును కాదు, ఆ కార్నియా మీది పైపొరను. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమున్న ఆ పొర నిత్యం రాలిపోతూ మళ్లీ పుడుతూ ఉంటుంది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసేచోట సన్నని అంచు కనిపిస్తుంది చూడు, దాన్ని లింబస్ అంటారు. ఆ పొరకు విత్తనమైన మూలకణాలు ఉండేది అక్కడే. చేనుకు గట్టు ఎలాగో కంటికి అది అలాగ. సున్నం ఆ గట్టును కాల్చేస్తే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. దానం చేసిన కార్నియాలో నడిమి బిళ్లను మాత్రమే అతుకుతారు కనుక, గట్టు లేని కంట్లో అది నిలవకపోవడంలో వింతేమీ లేదు. ఈ మాట మీవాళ్లకు ముందే ఎవరైనా విడమరిచి చెప్పి ఉండవలసింది.

బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, కణాలను పెంచి, దెబ్బతిన్న కంటికి అతికిన ఫలితాలను ఇటలీలో శాస్త్రవేత్త పెల్లెగ్రిని బృందం 1997లో ప్రకటించింది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001లో ఆ పని మొదలుపెట్టింది. కణాలను పెంచే మడి ఏమిటనుకున్నావు? కాన్పప్పుడు మాయతోపాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర! మనవాళ్లు గుంత తీసి పూడ్చేదే. ఆ తర్వాత అక్కడి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ప్రయోగశాలలోని నారుమడినే తీసేసింది: రెండు మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది, పది తునకలు చేసి, కంటి మీదే పరిచిన ఆ పొరపై జిగురుతో నాటితే కణాలు అక్కడే అల్లుకుంటాయి. 2012లో ప్రచురించిన ఈ పద్ధతికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు; నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

రెండు కళ్లూ పోయినవాళ్లకు విత్తనం ఎక్కడిది? జపాన్‌లోని ఒసాకాలో కంటి వైద్యుడు నిషిదా బృందం, మామూలు కణాలను మూలకణాల దశకు వెనక్కి మళ్లించి చేసిన ఐపీఎస్ మూలకణాల నుంచి కార్నియా పైపొరను పెంచి, 2019లో మొదటిసారి మనిషికి అతికింది. నలుగురి ఫలితాలు 2024లో వచ్చాయి. అది ఇంకా పరిశోధనే.

తమ్ముడికి రెండో కన్ను చక్కగా ఉందన్నావు కాబట్టి అంత దూరం పోనక్కరలేదు. పాత కాగితాలన్నీ, చుక్కల మందు చీటీలతో సహా, సంచిలో పెట్టుకుని రమ్మను. హైదరాబాదుకు నేనూ వెంట వస్తాను.

నీ
ఓబులేసు