కుళాయిని తిట్టే ముందు సంపు మూత తీసి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

విశాఖలో కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటున్నాయని మొన్న మీ పేపర్లో ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. ఆయన బాధ నాకు బాగా తెలుసు. గీజర్ కాయిల్‌కి సున్నం పట్టడం, స్టీలు బకెట్ల మీద తెల్లటి చారలు, ఎన్ని విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉండటం, తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచులా అయిపోవడం, అన్నీ మా ఇంట్లోనూ ఉన్నవే. నేనూ మొన్నమొన్నటి దాకా కార్పొరేషన్ నీళ్లనే తిట్టాను. తీరా చూస్తే గొడవంతా మా అపార్ట్‌మెంట్ సంపులో ఉంది.

మాది బీచ్‌కి దగ్గర్లో ఉన్న అయిదంతస్తుల బిల్డింగ్. పొద్దున్న కాసేపు వచ్చే మున్సిపల్ నీళ్లు సంపులో పడతాయి, అవి చాలవు కాబట్టి బోరు వేసి ఆ నీళ్లు కూడా అందులోకే వదులుతారు, రెండూ కలిసి పై ట్యాంకుకి ఎక్కి మా వంటింట్లోకి దిగుతాయి. ఈ సంగతి వాచ్‌మన్‌కి తెలుసు, అసోసియేషన్ వాళ్లకి తెలుసు, ఎనిమిదేళ్లుగా మెయింటెనెన్స్ కడుతున్న మాకు తెలీదు! మా అమ్మాయి ఇంటర్ కెమిస్ట్రీలో కఠిన జలం (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువై సబ్బు నురగ రాని నీళ్లు) పాఠం చదువుతూ రెండు సీసాల్లో నీళ్లు పట్టింది, ఒకటి గేటు దగ్గర మెయిన్ పైపు నుంచి, ఇంకోటి వంటింట్లోంచి. రెండింట్లోనూ బట్టల సబ్బు తురుము వేసి గిలక్కొట్టింది. గేటు దగ్గర నీళ్లు చక్కగా నురగెత్తాయి. వంటింటి నీళ్లు మాత్రం విరిగిన పాలలా తెట్టు కట్టాయి.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఊరికి నీళ్లొచ్చేది ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి. అవి ఎక్కువగా వాన నీళ్లు, నేల లోపల రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నానిన బోరు నీళ్లలో ఉన్నంత కాల్షియం, మెగ్నీషియం వాటిలో మామూలుగా ఉండవు. పైగా సముద్రం పక్కన బోర్లకి ఇంకో తిప్పలుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు, కాబట్టి భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. మనం తోడేసి పైన 1 మీటరు మట్టం తగ్గిస్తే కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి రాగలదని ఒక లెక్క. అన్ని నేలల్లోనూ అచ్చంగా అంతే అని కాదు గానీ, వీధికి పది బోర్లున్న చోట ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఈలోగా ఆర్‌ఓ మిషన్లు అమ్మే కుర్రాళ్లు వస్తారు. గ్లాసు నీళ్లలో రెండు ఇనప కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు, నీళ్లు బురదలా అవుతాయి, "చూశారా ఆంటీ, మీరు తాగేది ఇదే" అంటారు. నిజానికి ఆ తుప్పు కడ్డీలదే. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు లేక కరెంటు సరిగా పారదు కాబట్టి అవి తేటగా ఉండిపోతాయి, అంతే. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు, ఖనిజాల మొత్తం) ఉన్న నీళ్లకి ఆర్‌ఓ వాడకూడదని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా. కానీ మా నీళ్లలో ఎంతుందో మాకెవరు చెప్పాలి?

నా అసలు గోల ఇదే. తాగునీటికి భారతీయ ప్రమాణం ఉంది, మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే గతి లేకపోతే 600 దాకా. క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఏ వార్డుకి ఏ జలాశయం నీళ్లు వస్తున్నాయి, అందులో కాఠిన్యం ఎంత, టీడీఎస్ ఎంత, చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత, ఈ నాలుగు ముక్కలు నీటి బిల్లు వెనక అచ్చు వేస్తే ఏం పోతుంది? అప్పుడు తప్పు పైపుదో సంపుదో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

గేటు దగ్గర నీళ్లు అమృతం అని కూడా నేననడం లేదు. నురగ వచ్చినంత మాత్రాన అవి తాగడానికి పనికొస్తాయని కాదు. రోజులో కాసేపే వదిలే పైపుల్లో, ప్రెషర్ లేనప్పుడు లీకుల గుండా పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. సున్నం వల్ల గీజర్ పోతుంది, మురుగు వల్ల మనిషి మంచాన పడతాడు. అందుకే 24 గంటల సరఫరా కావాలనేది. మనలాగే సముద్రం ఒడ్డునే ఉన్న పూరీలో 2021 నుంచి రోజంతా నేరుగా కుళాయి నీళ్లే తాగేలా ఏర్పాటు చేశారు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు అది, మన వాళ్లు వెళ్లి ఒకసారి చూసి రావచ్చు.

ఇక మా బిల్డింగ్ సంగతి. మున్సిపల్ నీళ్లకి వేరే ట్యాంకు, వంటింటికి వేరే లైను వేద్దామని మీటింగులో అడిగాను. "గోడలు పగలగొట్టాలమ్మా, బోలెడు ఖర్చు" అన్నారు. పోనీ గేటు దగ్గరే ఒక కుళాయి పెట్టండి, బిందెతో పట్టుకెళ్తాం అన్నాను. దానికి మాత్రం ఒప్పుకున్నారు, ప్లంబర్ ఇంకా రాలేదు.

– ఒక గృహిణి, విశాఖపట్నం