కచేరీ అయ్యాక ఇంటికి చేరేదెలా?

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో పెద్ద సంగీత కచేరీలు బాగా పెరిగాయి. సంతోషమే. కానీ వీటిలో చాలావరకు గచ్చిబౌలి వైపో, విమానాశ్రయం దగ్గరో, ఫిల్మ్ సిటీలోనో పెడుతున్నారు. సొంత బండి లేనివాళ్లు ఎలాగో వెళ్లినా, తిరిగి రావడం గగనమైపోతోంది. మొన్నామధ్య ఒక కచేరీ ముగిశాక మా పక్కింటి అమ్మాయిలిద్దరు గంటకు పైగా రోడ్డు మీదే నిలబడ్డారు. బుక్ చేసిన క్యాబులు ఒకదాని తర్వాత ఒకటి రద్దయ్యాయి. చివరికి వాళ్ల నాన్న నిద్ర లేచి వెళ్లి తీసుకొచ్చారు. దీన్ని ఆ పిల్లల సొంత ఇబ్బందిగా వదిలేయకూడదు. కచేరీకి అనుమతి ఇచ్చేవాళ్లు ముందే ఆలోచించాల్సిన సంగతి ఇది.

2018 ఏప్రిల్‌లో లండన్‌లో, రాయల్ ఆల్బర్ట్ హాల్లో, జెత్రో టల్ అనే బ్రిటిష్ రాక్ బృందం వారి యాభయ్యేళ్ల కచేరీకి మావారితో కలిసి వెళ్లాను. ప్రోగ్రెసివ్ రాక్, అంటే శాస్త్రీయ, జానపద బాణీలు కలిపి అల్లిన రాక్ సంగీతం, ఆయనకు కాలేజీ రోజుల నుంచీ ప్రాణం. నేను పెరిగింది కర్ణాటక సంగీతం వింటూ. 1701 ప్రాంతంలో విత్తనాలు వేసే యంత్రాన్ని చేసిన ఇంగ్లండు వ్యవసాయవేత్త పేరే ఆ బృందం పెట్టుకుంది. గొర్రూ జడ్డిగమూ చూస్తూ పెరిగినదాన్ని, ఆ పేరుతోనే వాళ్లు నాకు దగ్గరయ్యారు. ఆ బృందంలో పాడేదీ వేణువు ఊదేదీ ఇయాన్ ఆండర్సన్, అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదుతూ, ఆ ఊదడంలోనే గొంతు కలిపి మూలిగినట్టు పాడతాడు. మన విద్వాంసులు ఊపిరి చప్పుడు వినిపించకుండా జాగ్రత్తపడతారు. ఈయన ఆ చప్పుడునే తాళంగా వాడుకుంటాడు. 1969లో వాళ్లు రికార్డు చేసిన, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాక్ బాణీని వాయించినప్పుడు మా వరసలో తలలన్నీ ఒక్కసారి ఊగాయి. గొంతు పూర్వంలా పలకడం లేదు, నిజమే. వేణువు మాత్రం పలికింది.

ఆ హాలు 1871లో తెరిచారు. పైకప్పుకు పుట్టగొడుగుల్లా వేలాడే ఫైబర్‌గ్లాస్ పళ్లేలను ప్రతిధ్వని తగ్గించడానికి 1969లో అమర్చారు. అది ఊరవతల లేదు, ఊరి మధ్యనే ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా వస్తు ప్రదర్శనలో మిగిలిన 1,86,000 పౌండ్లతో, ఇప్పుడు ఆ హాలున్న సౌత్ కెన్సింగ్టన్‌లో 80 ఎకరాలకు పైగా కొని, అక్కడ విద్యకూ కళలకూ చోటిచ్చారు. కచేరీ రోజు పగలంతా ఆ చుట్టుపక్కల మ్యూజియంల్లోనే తిరిగాం, పైసా ప్రవేశ రుసుము లేకుండా. మర్నాడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. అదీ ఉచితమే. అద్దాల గదిలో మన సున్నపురాతి పద్మాలను చూస్తుంటే గర్వంతో పాటు కడుపులో మంట కూడా పుట్టింది. ఆ సంగతి వేరే ఉత్తరానికి వదిలేస్తాను.

నేను చెప్పదలచుకున్నది కచేరీ ముగిశాక జరిగింది. వేలమంది ఒకేసారి బయటికి వచ్చారు. హాలు ఎదురుగానే బస్ స్టాప్ ఉంది. కొందరు బస్సెక్కారు, మిగతావాళ్లు భూగర్భ రైలు స్టేషన్‌కు నడిచారు. అర్ధరాత్రి దాటేదాకా రైళ్లుంటాయని అందరికీ తెలుసు కనుక ఎవరూ పరిగెత్తలేదు. మోకాళ్ల నొప్పులున్న నేను కూడా మెల్లగా నడిచి, రైలెక్కి, బసకు చేరాను.

ఇది మనకు చేతకానిదేమీ కాదు. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌లున్న రాత్రుల్లో మెట్రో వేళలు పొడిగించారు కదా. క్రికెట్‌కు చేసింది సంగీతానికి ఎందుకు చేయరు? రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. గచ్చిబౌలి స్టేడియానికి మాత్రం రాయదుర్గం దగ్గర మెట్రో దిగాక ఇంకా కొన్ని కిలోమీటర్లు పోవాలి. ఆ మధ్య దూరానికి కచేరీ రోజున ఆర్టీసీ బస్సులు నడపాలి, దాని ఖర్చును టికెట్లో కలిపినా జనం కాదనరు. చివరి పాట తర్వాత కనీసం గంటసేపు మెట్రో ఉండాలి. ఆ చివరి రైలు వేళను, బస్సు ఎక్కే చోటును టికెట్ మీదే అచ్చు వేయాలి. ఈ ఏర్పాట్లు చూపించని నిర్వాహకులకు పోలీసులు, జీహెచ్ఎంసీ అనుమతి ఇవ్వకూడదని నా విన్నపం.

— ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్