సింగపూర్ కాదు, శ్రీకాకుళం

చి.ల.సౌ. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన సింగపూర్–మలేషియా ప్యాకేజీ కాగితాలు మీ నాన్నగారు ప్రింటు తీయించి మరీ చదివారు. పైన పెద్ద అక్షరాలతో 'సీనియర్ కపుల్స్ స్పెషల్' అని ఉంది. పెళ్ళిరోజుకి మమ్మల్ని విమానం ఎక్కించాలని నువ్వూ అల్లుడుగారూ అనుకున్నందుకు ఎంత సంతోషమైందో ఫోన్లో చెప్పాను కదా. చెప్పనిది ఒకటి మిగిలింది. మేం వెళ్ళం. ఫోన్లో అంటే నువ్వు వాదిస్తావు, నేను సరే అనేస్తాను. అందుకే కాగితం తీశాను.

"ఎప్పుడు చేసినా ఏదో రోడ్డు మీద ఉంటారు. తిరిగితే తిరిగారు, కాస్త సుఖంగా తిరగండమ్మా" అన్నావు మొన్న. సుఖంగానే తిరుగుతున్నామే. ఎలాగో నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

నేను బీఎస్‌ఎన్‌ఎల్‌లో వీఆర్‌ఎస్ తీసుకుని ఆఫీసు మెట్లు దిగింది 2020 జనవరి 31న. ఆ ఒక్క రోజున దేశమంతా కలిపి డెబ్బై వేల మందికి పైగా దిగాం. ఆ ఏడాదే మీ నాన్నగారికీ బ్యాంకులో రిటైర్మెంటు. ఇక తిరగడమే అనుకున్నాం, మార్చికల్లా లాక్‌డౌన్ వచ్చి కూర్చుంది. అదే మార్చిలో రైల్వేవాళ్ళు సీనియర్ సిటిజన్ రాయితీ ఆపేశారు. మగవాళ్ళకు 40 శాతం, ఆడవాళ్ళకు 50 శాతం ఉండేది. మీ నాన్నగారికి అరవై నిండిన ఏడాదే అది పోయింది. ఇప్పటికీ టికెట్ తీసినప్పుడల్లా ఇంత మిగిలేది, ఇంత మిగిలేది అని పైకి లెక్క చదువుతారు. మేమెవరం వినం.

మా బీచ్ బ్యాచ్ ఆ రోజుల్లోనే తయారైంది. పొద్దున పూట మన విశాఖ బీచ్ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కదా, మాస్కులు పెట్టుకుని ఎడంగా నడిచేవాళ్ళం. నడిచి నడిచి సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చోవడం, మాటలు కలవడం. ఫిజిక్స్ మేడమ్, వాళ్ళాయన పోర్టు అన్నయ్యగారు, ఎల్ఐసీ దంపతులు, కేజీహెచ్‌లో నర్సుగా చేసి రిటైరైన పెద్దక్కయ్య, మేమిద్దరం. చుట్టాలం కాము, ఒక ఊరివాళ్ళమూ కాము. ముప్ఫై ఏళ్ళు ఒకే టౌన్లో ఉండి మొహాలు కూడా తెలియవు.

జట్టుగా తిరగడం అనుకున్నంత తేలిక కాదులే. మొదట్లో ఒకరు గుడికి అంటే ఒకరు కొండకి అనడం, టిఫిన్ల బిల్లు దగ్గర నేనిస్తా అంటే నేనిస్తా అని లాక్కోవడం, గురక పెట్టేవాళ్ళ గదిలో ఎవరు పడుకోవాలన్న గొడవ. ఇప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. బయల్దేరే ముందే తలా ఇంత అని పెద్దక్కయ్య చేతిలో పెడతాం, ఆవిడే ఖర్చు చేసి మిగిలింది తిరిగి ఇస్తుంది. ఎక్కలేనివాళ్ళని ఎక్కమని బలవంతం చేయకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడ భోజనం. అన్నిటికన్నా ముఖ్యమైనది, పిల్లల జీతాలు, పెళ్ళి సంబంధాలు, వీసాల సంగతి బండిలో ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు అందరికీ కాఫీ ఇప్పించాలి. ఎల్ఐసీ వదినగారు ఇప్పటికి చాలా కాఫీలు ఇప్పించింది.

ఈ వయసులో ప్రయాణమంటే ముందు బాత్‌రూమ్ సంగతి చూసుకోవాలి, బుజ్జీ. ఏ పెట్రోల్ బంకులో శుభ్రంగా ఉంటుందో తెలిశాకే మా దారి ఖాయమవుతుంది. లాడ్జికి ముందే ఫోన్ చేసి కింది అంతస్తేనా, కమోడ్ ఉందా అని అడుగుతాం. ఈసారి అన్నీ ఉన్నాయన్నారు, తీరా వెళ్తే రెండో అంతస్తు, లిఫ్ట్ రిపేరు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కాం. పోర్టు అన్నయ్యగారు మేనేజరు మీద కేకలేశారు గానీ ఆ అబ్బాయి నవ్వుతూ అందరికీ వేడినీళ్ళు మోసుకొచ్చాడు. ఇంకేం కోప్పడతాం!

ఈసారి వెళ్ళింది శ్రీకాకుళం. నవ్వకు. విశాఖపట్నానికి వంద కిలోమీటర్ల పైచిలుకు. మీ నాన్నగారి ట్రాన్స్‌ఫర్లు, నా నైట్ డ్యూటీలు, నీ పరీక్షలు, ఇన్నేళ్ళలో అటు వెళ్ళింది పెళ్ళిళ్ళకి మాత్రమే. మార్గశిర గురువారాలు మాకు కనకమహాలక్ష్మి అమ్మవారి నోము ఉంటుంది, ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడి కిటకిటలాడుతుంది. అందుకని సోమవారం పొద్దున బయల్దేరి బుధవారం రాత్రికి ఇంట్లో పడేలా పెట్టుకున్నాం.

ప్యాసింజరులో పొందూరులో దిగాం. అక్కడి నుంచి ఒక వ్యాను మాట్లాడుకున్నాం. పొందూరు ఖద్దరు అంటే నాకు తెలిసింది మా తాతగారి పంచె ఒక్కటే. అది ఎలా తయారవుతుందో ఈ వయసులో చూశాను. పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారు! దవడకున్న సన్నటి పళ్ళ వరుసే వాళ్ళ దువ్వెన. పత్తి ఇంకా గింజని పట్టుకుని ఉండగానే దాంతో దువ్వుతారు, నలకంతా ఊడిపోయి పోగులన్నీ ఒకవైపు సర్దుకుంటాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో దాచుకోవడం. అప్పుడు రాట్నం. నూరో నంబరు నూలు, చూపు ఆననంత సన్నం. ఇన్ని పనులకీ మిషను లేదు. వడికేది దాదాపు అందరూ ఆడవాళ్ళే, నాకన్నా పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. పెద్దక్కయ్య పక్కన కూర్చుని తనూ తిప్పుతానంది. పోగు తెగడం, ఆవిడ నాలుక కరుచుకోవడం. ఆ రాట్నం ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి "మీకు పింఛనీ వస్తాదా?" అని అడిగింది. వస్తుందన్నాం. "మరింకేటి, తిరగండి" అంది. ఆవిడ మాత్రం వడకడం ఆపలేదు. మేం బేరమాడకుండా కొన్నాం, ఎల్ఐసీ వదినగారితో సహా.

మర్నాడు తెల్లారేసరికి అరసవల్లి. మార్చి 9 నుంచి 11 వరకు, మళ్ళీ అక్టోబరు 1 నుంచి 3 వరకు సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయని అంటారు కదా. మేం వెళ్ళింది డిసెంబరులో. "తప్పు నెలలో తీసుకొచ్చారు" అని ఎల్ఐసీ అన్నయ్యగారు సణిగారు. వెంటనే ఫిజిక్స్ మేడమ్ క్లాసు మొదలెట్టింది. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి ఆకాశంలో అదే చోట ఉదయిస్తాడట. మార్చిలో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుకి పది రోజుల ముందు, సెప్టెంబరులో అలాంటి రోజు వెళ్ళిన దాదాపు పది రోజుల తర్వాత. లెక్క ఎంత చక్కగా సరిపోయిందో! క్యూలో మా ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి "మేడమ్, ఇంకోసారి చెప్పండి" అన్నాడు. ఆవిడకి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. గోడల మీద పాత బొమ్మలు వెలిసిపోతున్నా రంగు తెలుస్తూనే ఉంది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. రిటైరయ్యాక కూడా ఏదో పాలసీ డేటు దాటిపోతున్నట్టు పరుగెత్తే ఎల్ఐసీ అన్నయ్యగారు ఒక తాబేలు ముందు కూర్చుని అది ఆకు నమిలి అయ్యేదాకా లేవలేదు.

మధ్యాహ్నం శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ, పైన బౌద్ధుల స్తూపాలు, ఇటుకలతో చక్రంలో ఆకుల్లా కట్టినవి. మగవాళ్ళు ముగ్గురూ కింద చెట్టు నీడన పేకముక్కలు తీశారు. డబ్బులు పెట్టి ఆడరు, అది నా షరతు. ఎక్కింది నేనూ, మేడమూ, పెద్దక్కయ్యా. పైన ఒక్క మనిషి లేడు. ఒకవైపు వంశధార సాగిపోతోంది, ఆ దూరంలో కళింగపట్నం సముద్రం. ఎక్కేటప్పుడు మూడుసార్లు కూర్చున్నానని మీ నాన్నగారికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఆఖరి రోజు ముఖలింగం. తూర్పు గాంగులు కట్టిన గుళ్ళు. ఒడిశా గుళ్ళలా ఉంటాయి, మనకు అలవాటైన గోపురాల కోసం చూస్తే దొరకవు. స్వామి ఇప్పచెట్టు మొద్దులోంచి వెలిశాడని కథ. గర్భగుడిలో వెనక పెద్ద మట్టి గోలెం ఒకటుంది, దాని కథ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. అక్కణ్ణుంచి తేలినీలాపురం. ఊళ్ళో చింతచెట్ల నిండా గూడబాతులు, కొంగలు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. పక్షిపిల్లల అరుపులు, రెట్ట వాసన, కింద జనం మామూలుగా తమ పని తాము చేసుకుంటున్నారు. ఆ పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదంటారు వాళ్ళు, అందుకే ఎవరూ వాటి జోలికి పోరు. చిన్నోడికి వేసవిలో కాదు, చలికాలం సెలవుల్లో చూపించాలి. పలాసలో జీడిపప్పు కొనుక్కుని రైలెక్కాం.

ఇప్పుడు అసలు మాట. నువ్వు పంపిన కాగితంలో గదికి ఇద్దరు, మొగుడూ పెళ్ళాం మాత్రమే అని ఉంది. పోర్టు అన్నయ్యగారు దాన్ని చూసి, మనమంతా కలిసి పోదామా అన్నారు. వెంటనే ఆగిపోయారు. పెద్దక్కయ్య అక్కడే ఉంది. వాళ్ళాయన పోయాక ఆవిడ మూడు నెలలు బీచ్ వైపు రాలేదు. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. కొడుకు కెనడా నుంచి వచ్చి తనతో రమ్మన్నాడు, ఆవిడ వెళ్ళలేదు. ఒక పొద్దున ఫిజిక్స్ మేడమ్ వెళ్ళి తలుపు కొట్టి, చెప్పులు తొడిగించి తీసుకొచ్చింది. ఇవాళ మా డబ్బు ఆవిడ దగ్గరే, మా మందుల చీటీలు ఆవిడ దగ్గరే, ఎవరికి బీపీ ఎంతుందో ఆవిడకే తెలుసు.

బుజ్జీ, ఇది చదివి ఏడుపు మొదలెట్టకు. మీ నాన్నగారూ నేనూ ఒకే రోజు పోము. ఎవరో ఒకరం మిగులుతాం. ఆ మిగిలినవాళ్ళ తలుపు కొట్టడానికి నువ్వు పూణే నుంచి రాగలిగేది ఎన్నిసార్లు? అది నీ తప్పు కాదు, నీ ఉద్యోగం నీది, నీ సంసారం నీది. అందుకని మేం ఇప్పుడే మనుషుల్ని కూడబెట్టుకుంటున్నాం. బ్యాంకులో పనిచేసిన మీ నాన్నగారికి ఈ మాట నేనే నేర్పాను. ఇద్దరమే వెళ్ళి ఫొటోలు దిగి వచ్చే ప్రయాణం కన్నా ఏడుగురం గురకలు వింటూ వెళ్ళే ప్రయాణం మాకు ఎక్కువ పనికొస్తుంది.

పైగా నువ్వు బుక్ చేసిన తేదీల్లో మాకు వేరే పని ఉంది. ఫిజిక్స్ మేడమ్ ఇంట్లో మధ్యాహ్నాలు మేం ఆడవాళ్ళం నలుగురం త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు నేర్చుకుంటున్నాం. నాట, గౌళ, ఆరభి, శ్రీ వచ్చాయి. వరాళి గురువు ఎదురుగా కూర్చుని నేర్పకూడదన్న నమ్మకం ఉంది కదా, మా టీచరు కూడా నేర్పనంది, ఫోన్లో విని పట్టుకుంటున్నాం. నా గొంతు సంగతి నీకు తెలుసు. కానీ పుష్య బహుళ పంచమి రోజు త్యాగరాజ ఆరాధనకి తిరువయ్యారులో కావేరి ఒడ్డున అంతమంది కలిసి పాడేటప్పుడు నా గొంతు ఎవరికి వినబడుతుంది? తమిళదేశంలో అందరూ మన తెలుగు పాడతారు, మనం వెళ్ళి నోరు మూసుకుని కూర్చుంటే బాగుండదు. అక్కణ్ణుంచి తంజావూరు దగ్గరే. సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు ఉన్నాయని మీ నాన్నగారు ఇప్పటి నుంచే కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

రైలు టికెట్లు అరవై రోజుల ముందే తీశాం. ఏడుగురినీ ఒకే టికెట్ మీద వేయలేదు, నువ్వు అలా చేస్తానన్నావు ఒకసారి. ఇద్దరిద్దరుగా తీస్తేనే పెద్దవాళ్ళ కోటాలో కింది బెర్తులు వస్తాయి. పెద్దక్కయ్యకి విడిగా ఒకటి.

కాబట్టి ఆ ప్యాకేజీ వెంటనే రద్దు చేయించు. ఈ నెల ఇరవై దాటితే అడ్వాన్సులో సగం కోస్తారని కాగితం చివర చిన్న అక్షరాల్లో ఉంది, మీ నాన్నగారు దాని కింద గీత గీసి పెట్టారు. వచ్చిన డబ్బుతో మాకేదో కొనాలని చూడకు. మీకు సెలవు దొరికితే ఫిబ్రవరిలో నాలుగు రోజులు రండి, తేలినీలాపురంలో పక్షులు అప్పటికీ ఉంటాయి.

అల్లుడుగారికి, చిన్నోడికి మా ఆశీస్సులు.

ఇట్లు,
అమ్మ

తా.క. పార్సిల్లో పలాస జీడిపప్పు, అల్లుడుగారికి పొందూరు పంచె పంపాను. పంచె వాషింగ్ మెషీన్లో వేయకు, చల్లనీళ్ళలో చేత్తో జాడించు. జీడిపప్పు ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే పురుగు పడుతుంది.