క్రీడా శాఖ మంత్రి గారికి, ఏడో నంబరు బాణం గురించి

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ విలువిద్య శిక్షకుల నమస్కారాలు. మా పిల్లలకని మీ శాఖ కొనిచ్చిన బాణాల గురించి మూడు అర్జీలు పెట్టుకున్నాం, మూడూ "పరిశీలనలో" ఉన్నాయట. కొనే ముందు ఆ బాణాలను ఇందులో పదో వంతు పరిశీలించినా ఈ లేఖ అవసరం పడేది కాదు.

పిల్లలకని వచ్చిన కార్బన్ బాణాలన్నీ 400 స్పైన్ (బాణం వంపుని చెప్పే అంకె, పెరిగేకొద్దీ బాణం మెత్తన). 28 అంగుళాల ఎడంలో రెండు దిమ్మల మీద ఆనించి, నడిమధ్య 880 గ్రాముల బరువు వేలాడదీస్తే పది మిల్లీమీటర్లే వంగుతాయి. 24 పౌండ్ల బలంతో లాగే రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) పట్టే పన్నెండేళ్ల పిల్లకి 900, 1000 కావాలి, అంటే ఇరవై దాటి వంగేవి. కుడిచేతి వాటం పిల్ల ఈ గట్టి బాణం వేస్తే ఎడమకే పోతుంది. ప్లంజర్ (విల్లు మీద బాణం పక్కన ఆనే బొత్తం) స్ప్రింగు వదులు చేసినా, పాయింటు (లోహపు మొన) బరువు పెంచినా ఇంత తేడా పూడదు. ఊరందరికీ ఒకే సైజు చెప్పులు కొన్నట్టుంది!

పోనీ పెద్ద పిల్లలకిద్దామంటే డజనులో బాణానికీ బాణానికీ పొంతన లేదు. బంగారం కాటా మీద తూస్తే కొన్నిటి మధ్య అర గ్రాము దాటింది. బాణాల బరువు లెక్కలో అది ఏడున్నర గ్రెయిన్ల పైమాట. 70 మీటర్ల దగ్గర బరువు బాణం కిందికి దిగకుండా ఉంటుందా?

ఒక డజనుకి నంబర్లు వేసి, ఒక్కొక్కటీ పదేసి సార్లు వేయించి, ఎక్కడ పడిందీ పుస్తకంలో గుర్తు పెట్టించాం. ఏడో నంబరు ఎవరు వేసినా గుంపు విడిచి కిందికే. నాక్ (తాడుకి తగిలించే వెనక గాడి) మార్చాం, పావు వంతు తిప్పి చూశాం, మారలేదు. గోటి మీద తిప్పితే మొన వణికింది. పాయింటు ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది: షాఫ్టుని (బాణం కాడని) హాక్సా బ్లేడుతో కోశారు. కొస పీచులు లేచి ఏటవాలుగా ఉంటే పాయింటు తిన్నగా ఎలా కూర్చుంటుంది? కార్బన్‌ని వేగంగా తిరిగే రాపిడి చక్రంతో కోసి, కొస చదును చేయాలి. ఇంకొన్నిటికి జిగురు కరగడానికి పాయింటు బదులు షాఫ్టునే కాల్చినట్టున్నారు, కొసలు కమిలాయి. వంచి చెవి దగ్గర పెడితే చిటపటమంటున్నాయి. అలాంటిది వదిలేటప్పుడు విరిగితే పేళ్లు విల్లు పట్టిన చేతిలో దిగుతాయి. వాటిని విరిచి పారేశాం. స్టాకులో తగ్గాయని మెమో ఇస్తే ఇవ్వండి.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన జ్యోతి సురేఖది ఈ ఊరే, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన ధీరజ్‌దీ ఈ ఊరే. సన్మానాలప్పుడు శాలువాలకి కొరత ఉండదు. తర్వాతి పిల్లలకి బాణాలు సరిచూసే కాటా మాత్రం ఉండదు.

అయ్యా, స్పైన్ టెస్టరు కోసం విదేశాలకి పోనక్కర్లేదు. వంపు కొలిచే ఒక డయల్ గేజి, రెండు దిమ్మలు, 880 గ్రాముల బరువు ఇస్తే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపువాళ్లయినా చేసిపెడతారు. 0.01 గ్రాము చూపే కాటా, కోత యంత్రం, దుమ్ముకి మాస్కులు ఇప్పించండి. కొనుగోలు ముందు పిల్లల పౌండేజీ (విల్లు లాగే బలం), డ్రా పొడవు (తాడు లాగే దూరం) అడగండి. దయచేసి అడగండి.

నాలుగో అర్జీతో పాటు ఏడో నంబరు బాణాన్నీ పంపుతున్నాం. మీ బల్ల మీద ఒకసారి దొర్లించి చూడండి.

ఇట్లు,
విజయవాడ విలువిద్య శిక్షకులు