ఇంటిపేరు ఒకటే అయినా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాను. త్రీడీ ప్రింటర్ దగ్గర పోగుపడ్డ పీఎల్ఏ ప్లాస్టిక్ ముక్కలను నీళ్ల సీసాల తురుముతో కలిపి కరిగిస్తావా? పైగా "రెండూ పాలియెస్టర్లే కదా" (అంటే ఎస్టర్ అనే బంధాలతో కూర్చిన పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్‌లే కదా) అని ధీమా! ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన పొత్తు కుదరాలని ఎక్కడుంది?

సీసాలోని పెట్ అనే ప్లాస్టిక్ 250 డిగ్రీల దగ్గరకు వస్తేగాని కరగదు. పీఎల్ఏకి 170 చాలు. పెట్‌ను కరిగించేముందు 160 డిగ్రీల వేడిలో గంటల తరబడి తేమ తీస్తారు. ఆ దశలోనే పీఎల్ఏ మెత్తబడి తురుమంతా ముద్ద కట్టిస్తుంది. ఆ గండం గడిచినా పెట్‌లో కలిసిపోదు. సన్నటి బొట్లుగా మిగిలి, గాజులా ఉండాల్సిన సరుకును మసకబారుస్తుంది.

చిన్న అణువులకు చెల్లాచెదురయ్యే స్వేచ్ఛ ఎక్కువ, అందుకే తేలిగ్గా కలుస్తాయి. ప్లాస్టిక్‌లలోని పొడవాటి గొలుసులకు ఆ లాభం దాదాపు సున్నా. కాస్త పడకపోయినా విడిపోతాయి.

పెట్‌కూ, పీబీటీ అనే మరో పాలియెస్టర్‌కూ మాత్రం బాగా పొసగుతుంది. మొదటిదానిలో రెండు కార్బన్ల లంకె ఉన్నచోట రెండోదానిలో నాలుగు ఉంటాయి, అంతే తేడా. కరిగినప్పుడు ఒకటైపోతాయి. గట్టిపడేటప్పుడు మాత్రం దేని స్ఫటికాలు దానివే!

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది పెట్, పెన్ అనే ఇంకో పాలియెస్టర్‌ల సంగతి. మొదట కలిపితే ముత్యంలా తెల్లగా, అపారదర్శకంగా ఉంటుంది. 280 డిగ్రీలు దాటిన వేడిలో కాసేపు ఉంచితే ఎస్టర్ బంధాలు తెగి, ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుంటుంది. అంటే వియ్యమందుతాయన్నమాట. క్రమంగా మసక విడిపోయి పారదర్శకమవుతుంది. అతిగా చేస్తే స్ఫటికాలు కట్టే గుణం పోతుంది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, పీబీటీల మిశ్రమంలో ఈ మార్పిడి ముదరకుండా ఫాస్ఫరస్ సమ్మేళనాలు వేస్తారు.

కలవకపోవడం ఎప్పుడూ లోపమేమీ కాదు సుమా. ఎరువుగా మారే సంచుల్లో చాలావాటిని పీఎల్ఏ, పీబీఏటీ అనే మరో పాలియెస్టర్‌లతోనే చేస్తారు. పెళుసైన మొదటిదానికి సాగే రెండోది తోడు. పరీక్షిస్తే మెత్తబడే ఉష్ణోగ్రతలు రెండు కనిపిస్తాయి: ఒకటి 60 దగ్గర, మరొకటి సున్నాకి 30 కింద. విడివిడిగా ఉంటూనే సంచిని మోస్తున్నాయి.

కాబట్టి పీఎల్ఏని వేరే డబ్బాలో పెట్టుకో, బాగా ఆరబెట్టి విడిగా కరిగించు. నీళ్లలో వేసి వేరుచేద్దామనుకోకు. సీసా మూతలైతే తేలతాయి కానీ పీఎల్ఏ, పెట్ రెండూ మునిగేవే. ఇప్పటికే కలిపేసి ఉంటే చేత్తో ఏరుకోవడమే.

నీ
రఘు