మధ్యాహ్నం తిండి మానకు

చిట్టితల్లీ,

ఊళ్లు చూడ్డానికి వెళ్లినచోట డబ్బు మిగులుతుందని మధ్యాహ్నం తిండి మానేసి, రాత్రికి ఒకేసారి తింటున్నానని రాశావు. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నీ వయసులో నేనూ అదే పని చేశాను. మూడో రోజు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాను. అప్పటిదాకా మిగిల్చిందంతా మందులకీ, కదల్లేక తీసుకున్న గదికీ అయిపోయింది.

అసలు చవగ్గా దొరికే పూటే అది. చాలా నగరాల్లో ఉద్యోగాలవాళ్ల కోసం హోటళ్లు ఆ రెండు మూడు గంటలూ తక్కువ ధరకే భోజనం పెడతాయి. రాత్రి అదే కుర్చీలో కూర్చుంటే బిల్లు వేరు. అందుకని కడుపునిండా తినేది మధ్యాహ్నమే పెట్టుకో. రాత్రికి బజారులో కొన్న రొట్టె, పళ్లు చాలు. దిగినచోట వంటగది ఉంటే ఇంకా మంచిది.

జనం చూడ్డానికొచ్చే కట్టడం ఎదురుగా ఉన్న హోటల్లో మాత్రం కూర్చోకు. అక్కడి అద్దె కూడా నీ బిల్లులోనే పడుతుంది. నాలుగు వీధులు లోపలికి నడువు. పనివాళ్లు వరసగా వచ్చి తినిపోయే చోట వండింది వండినట్టే అయిపోతుంది, నిలవుండదు. నేను చూసేది అదే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండిలో సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. వండి 2 గంటలకు పైగా బయట ఉన్నది ముట్టుకోకు. పొయ్యి మీంచి పొగలు కక్కుతూ దిగిందైతే తోపుడుబండి దగ్గరైనా తిను. చల్లారిపోయి అద్దాల వెనక అందంగా పేర్చి ఉన్నదైతే పెద్ద హోటల్లోనైనా వద్దు. కూర్చునే ముందే ధర అడుగు, మొహమాటపడకు. అడక్కుండా టేబుల్ మీద పెట్టినవాటికీ కొన్నిచోట్ల డబ్బు వేస్తారు.

తెలియకుండా డబ్బు కరిగేది తాగేవాటి దగ్గరే. సీసా ఎప్పుడూ సంచిలో ఉండాలి. కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో దిగినచోట అడుగు. తాగకూడదంటే మరగబెట్టుకో. తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం ఉంచాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటిన ఊళ్లలో 3 నిమిషాలు. నీళ్లు మంచివి కానిచోట ఐసు కూడా వద్దు, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి విరేచనాలు పట్టుకుంటాయి. లీటరు శుభ్రమైన నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలుపు. స్పూను తలకొట్టి కొలువు, ఉప్పు అస్సలు ఎక్కువ కాకూడదు. కొంచెం కొంచెంగా తాగుతూ ఉండు. జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా డబ్బు లెక్క చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను పంపిస్తాను.

ఈసారి ఉత్తరంలో ఏమేం చూశావో తర్వాత రాద్దువుగాని. మధ్యాహ్నం ఏం తిన్నావో ముందు రాయి.

నాన్న